నలభై మూడో పేజీ

నా ముందు ఇంకా ముగ్గురు మాట్లాడాలి. డీన్ గారు ఇప్పుడే మైకు దగ్గరికి వెళ్ళారు, ఆయన మైకు పట్టుకుంటే వదలరని అందరికీ తెలుసు, నా వంతు వచ్చేసరికి తక్కువలో తక్కువ గంట. గంటసేపు ఈ వేదిక మీద, ఈ ప్లాస్టిక్ కుర్చీలో, మెడలో పూలదండతో, మూడువందల మంది పిల్లలు చూస్తుండగా ముఖం మీద నవ్వు చెరగకుండా కూర్చోవాలి. బయట మా సువా ఊరి వాన ఎప్పటిలాగే కురుస్తోంది, రేకుల మీద ఆ చప్పుడుకి డీన్ గారి మాటలు సగం వినబడడం లేదు, అదీ మంచికే. నా చేతిలో కాగితం ఉంది. పైన ‘ఫైనాన్స్ డిగ్రీలో చేరిన కొత్తవాళ్ళకు ఐదు సలహాలు’ అని రాసుకున్నాను. నిన్న మధ్యాహ్నం, పింఛను నిధి ఆఫీసులో నా బల్ల దగ్గర కూర్చుని పావుగంటలో రాసేశాను. ఇరవై ఏళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నదానికి ఐదు సలహాలు రాయడం ఏమంత కష్టం. కష్టం ఇవాళ పొద్దున గేటు దగ్గర మొదలైంది, కెలేరా వల్ల.

కెలేరా మా అన్న కూతురు. మూడో వరసలో ఈ చివర కూర్చుంది, తడిసిన జుట్టు ముడేసుకుని, మోకాళ్ళ మీద కొత్త సంచీ పెట్టుకుని, డీన్ గారి మాట ఒక్కటీ పోనివ్వకుండా వింటోంది. శుక్రవారం మా కందావు దీవి పడవ దిగి మా ఇంటికి వచ్చింది, మూడేళ్ళూ మా ఇంట్లోనే ఉంటుంది. పొద్దున ఒకే గొడుగు కింద గేటు దాకా నడిచాం. అక్కడ ఆగింది. “అత్తా, ఒకటి అడగనా? నువ్వూ నాన్నా ఇక్కడే కదా, ఒకే క్లాసు కదా. నాన్న క్లాసులో ఎలా ఉండేవాడు?” “ముందు లోపలికి పద, చోటు దొరకదు,” అన్నాను. ఏం చెప్పను మరి. ఈ పిల్లకి ఇంట్లో చెప్పిన కథ ఒకటే: తాతకి జబ్బు చేస్తే చూసుకోవడానికి మీ నాన్న బంగారంలాంటి చదువు వదిలేసి ఊరికి వచ్చాడు అని. తాతకి జబ్బు చేసిన మాట నిజమే, కానీ అది అన్న ఊరు చేరిన మరుసటి సంవత్సరం. పెద్దవాళ్ళు ఆ జబ్బుని ఒక ఏడాది ముందుకి జరిపారు, అంతే, దానివల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఇప్పుడు ఈ పిల్ల అదే డిగ్రీలో చేరి, నాన్న ఆపిన చోటునుంచి నేను పూర్తి చేస్తానత్తా అని నా వంటింట్లో దుంపలు చెక్కుతూ అంటుంది. తండ్రి ఎక్కడ ఆగాడో దానికి తెలియదు. నాకు తెలుసు, పేజీతో సహా. చెబితే, నిరుడు మట్టిలో పెట్టిన మనిషిని కూతురి ముందు మళ్ళీ తలదించుకునేలా చేసినదాన్నవుతాను, నా పాపమూ బయటపడుతుంది. చెప్పకపోతే, ఇదిగో, ఆ తల ఊపడం చూడండి, డీన్ గారు ఏదో పెద్ద మాట వాడారు, పక్కపిల్లలు మొహాలు చూసుకున్నారు, కెలేరా మాత్రం అంతా అర్థమైనట్టు నిదానంగా తల ఊపింది. అచ్చం తండ్రే.

అన్న అంటే నా తల్లి కడుపున పుట్టినవాడు కాదు, పెద్దమ్మ కొడుకు ఇలైతియా. మాకు ఆ తేడా లేదు, అమ్మ అక్కచెల్లెళ్ళ పిల్లలంతా తోబుట్టువులే, మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ వేళాకోళాలకి. తోబుట్టువులైన ఆడపిల్లా మగపిల్లాడూ ఊహ తెలిశాక ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోరు. ఏదైనా చెప్పాల్సి వస్తే మూడో మనిషి ఉంటాడు. వైరం కాదు, కోపం కాదు, ఉన్న గౌరవాలన్నిటిలోకీ పెద్ద గౌరవం. అన్న గదిలోకి వస్తే నేను లేచి వెళ్ళేదాన్ని, నేను చాప మీద కూర్చుని ఉంటే అన్న గుమ్మంలోనే ఆగిపోయేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు జ్వరం వస్తే కొబ్బరి బోండాలు కొట్టి గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళినవాడు. ఇప్పటి పిల్లలు ఇంత పట్టించుకోవడం లేదు, ఒకే సెల్‌ఫోన్‌లో తలలు దూర్చి నవ్వుకుంటారు, చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, కుళ్ళు కూడా పుడుతుంది. నన్ను పన్నెండో ఏటే సువా బడికి పంపారు, అన్న దీవి బడిలోనే చదివాడు, అయినా ఇరవై ఏడేళ్ళ కిందట ఇద్దరం ఒకే ఏడాది ఈ యూనివర్సిటీకి వచ్చాం. పడవ ఎక్కించడానికి ఊరంతా వచ్చింది, ఇద్దరికీ ఒకటే ప్రార్థన, ఒకటే పూలదండలు, పడవలో మాత్రం అన్న ముందు వైపు, నేను వెనక వైపు.

డీన్ గారు చివరి మాట అన్నారు, చప్పట్లు, మళ్ళీ ఇంకో చివరి మాట. నా కాగితంలో మొదటి సలహా లెక్కలంటే భయపడొద్దని. అన్నకి లెక్కలంటే భయం లేదు, అది చెప్పాలి. ఆటుపోట్లు వేళ్ళ మీద లెక్కేసి పడవ ఎప్పుడు దింపాలో చెప్పేవాడు, నిమిషం తప్పేది కాదు. రెండో సలహా: ఒంటరిగా చదవకండి, నలుగురు కూడి చదవండి, తెలిసినవాడు తెలియనివాడికి చెబితే ఇద్దరికీ వస్తుంది. ఎంత సిగ్గులేని చెయ్యి నాది, నిన్న ఇది రాసేటప్పుడు ఆగనైనా ఆగలేదు. మొదటి వారం హరదయాళ్ సారు మమ్మల్ని నలుగురు చొప్పున గ్రూపులు చేశాడు, నాది, అన్నది ఒకటే పడింది. వారం వారం ఒకే బల్ల చుట్టూ కూర్చుని లెక్కలు చేయాలి. క్లాసు అయ్యాక సారు దగ్గరికి వెళ్ళి గ్రూపు మార్చమన్నాను. “ఏమమ్మా, గొడవలా?” అన్నాడు. “లేదు సార్, ఆయన నాకు అన్న,” అన్నాను. సారూ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, రెండో మాట అడగలేదు, “ఓహో, అలాగా, చెప్పొద్దూ మరి,” అని పుస్తకంలో పేరు కొట్టేశాడు. నా పేరు అనుకున్నాను. అన్న పేరు. అన్నని వేరే గ్రూపులోకి పంపాడు, అక్కడ ఒకడు తక్కువ ఉన్నాడని. ఆ ముగ్గురూ సువాలో పుట్టి పెరిగిన పిల్లలు, గడగడా ఇంగ్లీషు మాట్లాడతారు, చెడ్డవాళ్ళేం కాదు, వేగం వాళ్ళది. వాళ్ళ మధ్య అన్న గంగిరెద్దులా తల ఊపుతూ కూర్చునేవాడు. ఆ తల ఊపడానికి ‘ఏమీ తెలియలేదు’ అని అర్థమని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెల్లెలు పద్ధతి తెలిసిన పిల్ల, తనే వెళ్ళి మార్చమని అడిగింది అని అన్న ఇంటి దగ్గర గొప్పగా చెప్పుకున్నాడట. అది విని నేను పొంగిపోయాను, అదీ నా తెలివి.

ఇప్పుడు బ్యాంకాయన లేచాడు. టై కట్టుకుని వచ్చాడు, ఈ ఉక్కలో. నవ్వుతూ చేతులు కలపండి, పరిచయాలు పెంచుకోండి, మొదటి ఏడాది నుంచే ఉద్యోగం ఇచ్చేవాళ్ళ కళ్ళల్లో పడండి అంటున్నాడు. మంచి సలహాలే, నేను కూడా రాశాను, నాలుగోది. పిల్లలు రాసుకుంటున్నారు. వెనక తలుపు దగ్గర ఎవరో బిస్కెట్ల డబ్బాలు దించుతున్నారు, టీ వాసన వస్తోంది. కెలేరా పెన్ను పట్టుకునే తీరు కూడా తండ్రిదే, పిడికిలితో, గునపం పట్టుకున్నట్టు. మూడో సలహా చదవాలంటే నా కళ్ళు దాని మీద నిలవడం లేదు. ‘అర్థం కాకపోతే అడగండి.’ మూడే మాటలు. ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద ఎవరో ఒకరు అంటారు, ఆ ఏడాది కూడా ఎవరో అన్నారు, అన్న విన్నాడు. విని, అడిగాడు కూడా. అదే నా గుండెల్లో గుచ్చుకునేది. అడగలేదు అనడానికి లేదు, అడిగాడు.

మా మేనమామ కొడుకు సిరేలి అప్పట్లో నసీనూ వైపు వెళ్ళే బస్సు నడిపేవాడు, అన్న మకాం సిరేలి వాళ్ళింట్లోనే. శనివారం శనివారం సిరేలి ఆడపిల్లల హాస్టలుకి దుంపలూ ఎండుచేపలూ తెచ్చిచ్చేవాడు, దాంతోపాటు అన్న కబుర్లు. ఐదో వారమో ఆరో వారమో, నాకు సోమవారం పరీక్ష, మెట్ల మీద పుస్తకం వేసుకుని కూర్చున్నాను. “ఏమే మరదలు పిల్లా, మీ అన్నాచెల్లెళ్ళ మధ్య టపా మోయలేక నా నడుం విరుగుతోంది, టీ చుక్కైనా పొయ్యవు,” అని పక్కన చతికిలబడ్డాడు. తర్వాత వేలు మడిచి, ఒక్కో మాటా తప్పకుండా అప్పజెప్పాడు. “మీ అన్న అడగమన్నాడు, విను. రేపటి వంద ఇవాళ్టి వందకన్నా తక్కువని సారు బోర్డు మీద రాశాడట. ఎందుకు తక్కువా అని. మన ఊళ్ళో ఇవాళ ఒకరింటికి చాప ఒకటి పట్టుకెళితే, రేపు వాళ్ళు మనింటికి రెండు తెస్తారు కదా. అలాంటప్పుడు రేపటిది ఎక్కువవ్వాలి గానీ తక్కువెలా అవుతుందీ అని. రెండు రాత్రులు ఇదే గోల, నన్నూ నిద్రపోనివ్వడం లేదు.” నేను తల ఎత్తలేదు. “నలభై మూడో పేజీలో ఉందని చెప్పు బావా.” “అదేదో నాకు చెబితే నేను చెబుతా కదా.” “నీకేం తెలుస్తుంది, ఇది బస్సు ఇంజను కాదు. నలభై మూడో పేజీ, అంతే, వెళ్ళు.” సిరేలి నా ఒళ్ళోని పుస్తకం వైపు చూశాడు. లేచి నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ దులుపుకుని నలభై మూడు, నలభై మూడు అనుకుంటూ గేటు దాటాడు.

ఇరవై ఏడేళ్ళలో ఆ ప్రశ్న ఎన్నిసార్లు తిప్పి చూశానో లెక్కలేదు. అన్న దగ్గర జవాబు ఉంది. ప్రశ్నలోనే ఉంది. ఇవాళ్టి ఒక చాప రేపటి రెండు చాపలు అయితే, రేపటి ఒక చాప ఇవాళ ఎంతవుతుంది? అర చాప. అంతే అన్నా, సారు రాసింది ఇదే, నువ్వు ముందే కట్టేశావు, ముడి వేయడమే మిగిలింది. ఇంతే చెప్పాలి. ఈ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది, సిరేలి టీ తాగినంతసేపు కూడా పట్టదు. సిరేలి బావ ఒక్కో మాటా మోసుకెళ్ళేవాడు, ఎంత నమ్మకంగా మోసేవాడో. ఇవాళ నా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేను ఈ చాపల లెక్కతోనే మొదలుపెడతాను, అందరికీ ఇట్టే అర్థమవుతుంది, ఉనైసి మేడం ఎంత బాగా చెబుతుంది అంటారు. మా అన్న లెక్క అది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

తర్వాత అన్న కుర్చీ ఖాళీ అయింది. లెక్చర్లలో ఎప్పుడూ నా వెనక నాలుగు వరసల అవతల కూర్చునేవాడు, నేను వెనక్కి తిరిగి చూడకూడదు గానీ, దగ్గు తెలుసు, చెప్పుల చప్పుడు తెలుసు. ఒకరోజు ఆ దగ్గు లేదు. మర్నాడూ లేదు. జలుబేమో అనుకున్నాను, పనేమో అనుకున్నాను. సిరేలిని అడగాల్సింది, అడిగితే అన్న మీద ఆరా తీసినట్టు ఉంటుందేమోనని అడగలేదు. చెల్లెలు అన్న గురించి ఆరా తీయదు. సిరేలి కూడా కబుర్లు తేవడం తగ్గించాడు, దుంపలు ఇచ్చి, నన్ను ఒక మాట ఆటపట్టించి వెళ్ళిపోయేవాడు. అన్న అటు రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంట్లోంచి బయల్దేరేవాడని, సముద్రపు గట్టు మీద సాయంత్రం దాకా కూర్చునేవాడని నాకు డిసెంబరులో తెలిసింది, అప్పటికి అన్న పడవెక్కేశాడు. ఆ తర్వాత అంతా బాగానే జరిగిందని అందరూ అంటారు. దీవిలో వేళ్ళు దంచి తాగే యాంగోనా మొక్కలు వేశాడు, పెళ్ళి చేసుకున్నాడు, చర్చిలో పెద్దమనిషి అయ్యాడు, ఊళ్ళో వాళ్ళంతా తగవులు తీర్చమని అన్న దగ్గరికే వచ్చేవారు. నేను సెలవులకి వెళితే దూరంనుంచి నా సంచులు మోయడానికి ఎవరినో ఒకరిని పంపేవాడు. నిరుడు కాలికి పుండు లేచి, చక్కెర జబ్బు ముదిరి, సువా ఆస్పత్రికి తెచ్చారు. పద్దెనిమిది రోజులు నేను చారు కాచి తీసుకెళ్ళాను. మంచం దాకా వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడి కెలేరా చేతికిచ్చేదాన్ని, అన్న గోడ వైపు మొహం తిప్పుకుని ఉండేవాడు, గౌరవంగా. ఆఖరి రోజున కూడా మేమిద్దరం ఆ పద్ధతి తప్పలేదు. నన్ను ఎవరైనా మెచ్చుకోవాలి దీనికి.

అంత్యక్రియలకి ఊరంతా చాపలు తెచ్చింది, ఊలు అంచుల కొత్త చాపలు ఇంటి కప్పుదాకా పేర్చారు. వంటశాల వెనక సిరేలి నా పక్కన వచ్చి కూర్చున్నాడు. జుట్టు నెరిసిపోయింది, బస్సు ఎప్పుడో మానేశాడు. మరదలా అని నవ్వడానికి ప్రయత్నించాడు, కుదరలేదు. “ఇన్నాళ్ళూ నీకు చెప్పొద్దన్నాడు, ఇప్పుడు మనిషే లేడు. ఆ నలభై మూడో పేజీ ఉందే. మీ అన్న దగ్గర పుస్తకమే లేదు మరదలా. కొననేలేదు. ఊరివాళ్ళు పోగేసి ఇచ్చింది ఫీజుకే సరిపోయింది. నేను వెళ్ళి నలభై మూడో పేజీ అట అంటే, సరే, చూస్తాను అన్నాడు.” నా పుస్తకం ఆ శనివారం నా ఒళ్ళో ఉంది. సిరేలి పక్కనే కూర్చున్నాడు. పట్టుకెళ్ళమని ఇస్తే పోయేది, సోమవారం పరీక్షలో నాకు ఒక మార్కు తగ్గేదేమో.

నా పేరు పిలిచారు. ఎప్పుడు పిలిచారో, నిర్వాహకురాలు రెండోసారి పిలుస్తోందని పక్కాయన మోచేత్తో తట్టాడు. లేచాను. మైకు ఎత్తు సరిచేశారు. కాగితం మడిచి చేతిలోనే పట్టుకున్నాను. మొదట కెలేరా వైపు చూడకూడదనుకున్నాను, కానీ చూశాను, ఆ పిల్ల నవ్వింది, మా అత్త అని పక్కపిల్లకి చెప్పింది. నాకు ఒక అన్న ఉండేవాడు, ఈ హాల్లోనే, ఈ డిగ్రీకే చేరాడు అని మొదలుపెట్టాను. గ్రూపు మార్పించుకున్న సంగతి చెప్పాను. చాపల ప్రశ్న చెప్పాను, సగం మంది పిల్లలు అర్థమై నవ్వారు. నేనిచ్చిన జవాబు చెప్పాను. పుస్తకం లేదని చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. తాత జబ్బు వల్ల చదువు ఆగలేదు, నా వల్ల ఆగింది అని కూడా అన్నాను. తర్వాత ఇలా అన్నాను, ఇదొక్కటే నా సలహా, తక్కినవి బయట నోటీసు బోర్డు మీద అంటిస్తారు, చదువుకోండి. “అర్థం కాకపోతే అడగండి అని నేను చెప్పను. అడగగలిగినవాడు ఎలాగూ అడుగుతాడు. నేను చెప్పేది అర్థమైనవాళ్ళకి. మీ పక్కన ఒకడు తల ఊపుతూ ఉంటాడు. వాడి దగ్గర పుస్తకం ఉందో లేదో చూడండి. వాడు అడిగేదాకా ఆగొద్దు, మీ పుస్తకం వాడి ముందుకి జరపండి.” అంతే. చప్పట్లు కొట్టాలో వద్దో పిల్లలకి తెలియలేదు, కొందరు కొట్టారు. కూర్చున్నాక కెలేరా కుర్చీ వైపు చూశాను. ఖాళీగా ఉంది.

వరండాలో టీ పోస్తున్నారు. పిల్లలు కప్పులు పట్టుకుని గుంపులు గుంపులుగా నిలబడ్డారు, వాన కాస్త తెరిపి ఇచ్చింది. కెలేరా స్తంభం దగ్గర ఒక్కతే ఉంది, ఏడ్చినట్టుంది, రెండు చేతుల్లో రెండు కప్పులు. ఒకటి నాకిచ్చింది. నేను అన్నాను, “నాన్న గురించి నలుగురిలో అలా అన్నందుకు నన్ను తిట్టు, పడతాను.” తల అడ్డంగా ఆడించింది. “పుస్తకం లేదని నాకు తెలుసత్తా. ఆస్పత్రిలో చెప్పాడు. నువ్వు గుమ్మం దగ్గరనుంచి వెళ్ళిపోయాక నీ గురించే చెప్పేవాడు రోజూ.” నేను కప్పు పిట్టగోడ మీద పెట్టాను. “ఏమీ అర్థం కాకపోతే ఇంకా ఎందుకు వెళ్ళేవాడివి నాన్నా అని అడిగాను. సారు ప్రశ్న వేస్తే మీ అత్త లేచి జవాబు చెప్పేది అన్నాడు. ‘ఇంట్లో నేనుంటే నోరు విప్పేది కాదు, నా చెల్లెలు మాట్లాడితే వినడానికి నాకు ఆ చోటు ఒక్కటే దొరికింది, అందుకే నాలుగు వరసల వెనక కూర్చునేవాణ్ణి, లెక్క ఏదైతేనేం’ అన్నాడు. తర్వాత ఆ చాపల ప్రశ్న పంపిన వారంనుంచి నువ్వు లేవడం మానేశావట. సారు పేరు పెట్టి పిలిచినా తెలియదు సార్ అనేదానివట. ఇక వెళ్ళడం దేనికని తనూ మానేశాడట. ‘ఎందుకు మానేసిందో నాకు తెలియలేదు, సిరేలి చేత అడిగించాలని ఉండేది, ఆరా తీసినట్టుంటుందని ఊరుకున్నాను’ అన్నాడు.” ముంజేత్తో ముక్కు తుడుచుకుని నా మొహంలోకి చూసింది. “ఎందుకు మానేశావత్తా?”

“మీ నాన్నకి రాని జవాబు నేను లేచి చెబితే చిన్నబోతాడని, వెనకే కూర్చున్నాడని,” అన్నాను.